టూ మెనీ ఓపెన్ ఫైల్స్: లిమిట్ ఎక్కడ పెంచాలి, ఎప్పుడు పెంచకూడదు

డేటాబేస్ యాక్టివిటీ మానిటరింగ్, అంటే డేటాబేస్‌లో ఎవరు ఏం చేశారో రికార్డు చేసే సాఫ్ట్‌వేర్, నడుస్తున్న సర్వర్లో లాగ్ తెరిస్తే ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ అని వరసగా పడుతూ ఉంటుంది. వెంటనే నెట్‌లో వెతుకుతాం. ఒకాయన లిమిట్స్ డాట్ కాన్ఫ్‌లో రెండు లైన్లు రాయమంటాడు, ఇంకొకాయన యులిమిట్ అంటాడు, మరొకాయన ఫైల్-మాక్స్ పెంచమంటాడు. మూడూ చేసేసి సర్వర్ రీస్టార్ట్ చేస్తే ఎర్రర్ పోతుంది. మూడింట్లో ఏది పనిచేసిందో తెలియదు. అసలు అవేవీ కాక, రీస్టార్ట్ వల్లే పోయిందేమో కూడా తెలియదు. వారం తిరక్కుండా మళ్లీ వస్తే కథ మొదటికొస్తుంది.

విజయవాడ, గుంటూరు వైపు చిన్న, మధ్యరకం సంస్థల్లో సర్వర్లు చూసుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సహకార బ్యాంకులు, ఆసుపత్రులు, కోల్డ్ స్టోరేజీలు, కాలేజీల్లో డీబీఏ, లైనక్స్ అడ్మిన్, నెట్‌వర్క్ మనిషి చాలాసార్లు ఒక్కరే. ఆడిటర్ అడిగాడని మానిటరింగ్ పెట్టించి ఉంటారు. పెట్టినవాళ్లు పని ముగించుకుని హైదరాబాద్ వెళ్లిపోయి ఉంటారు.

వెబ్ సర్వర్‌కి ఈ ఎర్రర్ వస్తే పది నిమిషాల్లో ఫోన్లు మోగుతాయి. మానిటరింగ్‌కి వస్తే ఎవరూ ఫోన్ చేయరు. చాలా ఏర్పాట్లలో ఏజెంట్ (డేటాబేస్ సర్వర్ మీద కూర్చుని కదలికలు గమనించే ప్రోగ్రాము) చతికిలపడినా డేటాబేస్ ఆగదు, కౌంటర్లో పని మామూలుగానే సాగుతుంది. ఆగేది రికార్డు ఒక్కటే. దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు దాచాలి. భద్రతా ఘటన ఏదైనా దృష్టికి వస్తే 6 గంటల్లో తెలియజేయాలి. ఆ 180 రోజుల్లో రెండు రాత్రులు ఖాళీగా కనిపిస్తే ఆడిటర్‌కి జవాబు చెప్పుకోవాల్సింది సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు కాదు, మీరు. కాబట్టి ఎర్రర్‌ని మాయం చేయడం ఒక్కటే చూస్తే సరిపోదు, అది ఎందుకొచ్చిందో తేలాలి.

ముందు ఏ లిమిట్ అయిపోయిందో చూడండి

లైనక్స్‌లో తెరిచిన ఫైలుకే కాదు, ప్రతి నెట్‌వర్క్ కనెక్షన్‌కీ, ప్రతి పైపుకీ ఒక ఫైల్ డిస్క్రిప్టర్ ఖర్చవుతుంది. కలెక్టర్ (ఏజెంట్లు పంపే రికార్డుల్ని పోగుచేసే ప్రోగ్రాము) పది ఫైళ్లే తెరిచినా, దానికి వెయ్యి కనెక్షన్లు వచ్చి ఉంటే లెక్క వెయ్యి దాటినట్టే.

మెసేజ్ చివరిదాకా చదవండి. ఉత్త ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ అయితే ఆ ఒక్క ప్రాసెస్ కోటా అయిపోయిందని అర్థం, ఎర్రర్ నంబర్ 24. చివర్న ‘ఇన్ సిస్టమ్’ అని తోక ఉంటే మెషీన్ మొత్తం కోటా అయిపోయింది, నంబర్ 23. రెండోది ఈ రోజుల్లో అరుదు. స్లాష్ ప్రాక్, సిస్, ఎఫ్ఎస్ కింద ఫైల్-ఎన్‌ఆర్ అనే ఫైల్లో మూడు అంకెలుంటాయి. మొదటిది కెర్నెల్ ఇప్పటికి కేటాయించినవి, మూడోది గరిష్ఠం, అదే ఫైల్-మాక్స్. మొదటి అంకె మూడోదాని దరిదాపుల్లో లేకపోతే ఫైల్-మాక్స్ జోలికి వెళ్లనే అక్కర్లేదు. ఆ సలహా ఇచ్చినాయన మంచి ఉద్దేశంతోనే ఇచ్చి ఉంటాడు గానీ, అది మీ జబ్బుకి మందు కాదు.

ఇదే ముఖంతో వచ్చే వేరే ఎర్రర్ ఇంకొకటుంది. లాగ్ ఫైళ్లు ఎప్పుడు మారాయో కనిపెట్టడానికి చాలా ప్రోగ్రాములు ఐనోటిఫై వాడతాయి. ఒక్కో యూజర్‌కి ఇన్ని ఐనోటిఫై ఇన్‌స్టెన్సులే అని విడిగా ఒక పరిమితి ఉంటుంది, చాలా మెషీన్లలో అది 128. అది నిండినా వచ్చేది ఇదే 24 నంబర్, ఇదే మాట. అలాంటప్పుడు ఓపెన్ ఫైల్స్ లిమిట్‌ని లక్షకి పెంచినా వీసమెత్తు తేడా ఉండదు. కెర్నెల్ సెట్టింగులు మార్చే సిస్‌కంట్రోల్‌లో మాక్స్ యూజర్ ఇన్‌స్టెన్సెస్ పెంచాలి. ఐనోటిఫై వాచ్‌ల పరిమితి దాటితే మాత్రం ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ అంటుంది, డిస్క్ చూస్తే సగం ఖాళీగా ఉంటుంది. ఏజెంట్ డిస్క్రిప్టర్లు రెండు మూడు వందలు కూడా దాటకుండా ఈ ఎర్రర్ వస్తుంటే ముందు ఇటు చూడండి.

లిమిట్ పెట్టే చోట్లు, ఎవరికి ఏది

మిర్చి సీజన్లో, అంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, గుంటూరు యార్డుకి సరుకు పోటెత్తుతుంది. కమిషన్ వ్యాపారుల ఖాతాల్లో లావాదేవీలు కూడా దాంతోపాటే పెరుగుతాయి. అలాంటి రోజుల్లో ఒక బ్యాంకులో ఐటీ చూసే కుర్రాడు ఫోన్ చేశాడు.

“సార్, లిమిట్స్ డాట్ కాన్ఫ్‌లో 65536 పెట్టాను. రాత్రి రీబూట్ కూడా చేశాను. యులిమిట్ కొడితే 65536 అనే చూపిస్తోంది. ఎర్రర్ మాత్రం పోవట్లేదు సార్.”

“అది నీ లాగిన్ లిమిట్ బాబూ. ఏజెంట్‌ది చూడు. ప్రాక్‌లో దాని ప్రాసెస్ నంబరు, అదే పీఐడీ, కింద లిమిట్స్ అనే ఫైలు ఉంటుంది.”

కాసేపు కీబోర్డ్ చప్పుడు.

“మాక్స్ ఓపెన్ ఫైల్స్... సాఫ్ట్ 1024, హార్డ్ 524288 అని ఉంది సార్. మరి నేను పెట్టింది ఏమైనట్టు?”

ఎక్కడికీ పోలేదు. లిమిట్స్ డాట్ కాన్ఫ్‌ని చదివేది లాగిన్ వ్యవహారాలు చూసే పామ్ మాడ్యూల్, అదీ ఎవరైనా లాగిన్ అయినప్పుడు. మెషీన్లో సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీ బూట్ సమయంలో నేరుగా లేపే సర్వీసు లాగిన్ కాదు కాబట్టి ఆ ఫైలు దాని కంట పడదు. సాఫ్ట్ అంటే ఇప్పుడు అమల్లో ఉన్న హద్దు, హార్డ్ అంటే ప్రోగ్రాము దాన్ని తనంతట పెంచుకోగలిగిన గరిష్ఠం. సాఫ్ట్ లిమిట్ 1024 అనేది పాతకాలం నుంచీ వస్తున్న అంకె. 2018 డిసెంబరులో వచ్చిన సిస్టమ్‌డీ 240 వెర్షన్ హార్డ్ లిమిట్‌ని 524288కి పెంచింది గానీ సాఫ్ట్‌ని కావాలనే కదపలేదు. ఎందుకన్నది కింద చెబుతాను.

సిస్టమ్‌డీ సర్వీసుగా నడిచే ఏజెంట్ అయితే, ఇప్పుడు చాలావరకు అలాగే నడుస్తున్నాయి, నా ఓటు డ్రాప్-ఇన్ ఫైలుకే. సిస్టమ్‌కంట్రోల్ ఎడిట్ అని కొట్టి సర్వీసు పేరిస్తే ఆ ఫైలు తెరుచుకుంటుంది. అందులో సర్వీస్ సెక్షన్ కింద లిమిట్‌నోఫైల్ ఈక్వల్స్ 65536 అని ఒక్క లైన్ రాసి, సేవ్ చేసి, సర్వీసు రీస్టార్ట్ చేస్తే చాలు, మెషీన్ రీబూట్ అక్కర్లేదు. కొందరు వెండర్ ఇచ్చిన యూనిట్ ఫైల్లోనే (సర్వీసు అసలు సెట్టింగుల ఫైలు) నేరుగా రాసేస్తారు. పని జరుగుతుంది గానీ, తర్వాతి అప్‌గ్రేడ్‌లో ఆ ఫైలు కొత్తదై కూర్చుంటుంది. మీ లైన్ ఎగిరిపోయిన సంగతి మళ్లీ సీజన్ వచ్చేదాకా తెలియదు. డ్రాప్-ఇన్ విడి ఫైలు కాబట్టి అప్‌గ్రేడ్ దాన్ని ముట్టుకోదు.

లిమిట్స్ డాట్ కాన్ఫ్ దండగ అనడం లేదు. యూజర్ లాగిన్ ద్వారా లేచే ప్రాసెస్‌లకు అదే సరైన చోటు. ఒరాకిల్ సాఫ్ట్‌వేర్ ఓనర్ యూజర్‌కి సాఫ్ట్ 1024, హార్డ్ 65536 ఉండాలని ఇన్‌స్టలేషన్ గైడ్ అడిగేది ఈ కోవలోకే వస్తుంది. ఇందులో రెండు మెలికలున్నాయి. స్టార్ గుర్తు పెట్టి రాసిన లైను రూట్‌కి వర్తించదు, రూట్ అని పేరు పెట్టి విడిగా రాయాలి. ఏజెంట్లు ఎక్కువగా రూట్‌గానే నడుస్తాయన్నది మర్చిపోకండి. రెండోది, లిమిట్స్ డాట్ డీ అనే డైరెక్టరీలోని ఫైళ్లను తర్వాత చదువుతుంది. మీరు ప్రధాన ఫైల్లో ఒకటి రాస్తే, ఎవరో ఎప్పుడో అక్కడ పడేసిన చిన్న ఫైలు దాన్ని కొట్టేయొచ్చు.

యులిమిట్ కమాండ్‌ని టెస్టింగ్‌కి వాడుకోండి, అంతవరకే. ఏజెంట్‌కి సొంత స్టార్ట్ స్క్రిప్టు ఉంటే అందులో ఈ లైన్ పెట్టినా పనిచేస్తుంది, ఎందుకంటే పిల్ల ప్రాసెస్ తల్లి ప్రాసెస్ లిమిట్లనే తీసుకుంటుంది. ప్రమాదం కూడా అక్కడే ఉంది. మీరు ఎస్‌ఎస్‌హెచ్‌లో కూర్చుని చేత్తో స్టార్ట్ చేసినప్పుడు మీ సెషన్ లిమిట్ దానికి వస్తుంది, అంతా సవ్యంగా ఉంటుంది. ఆదివారం ప్యాచింగ్ అయి మెషీన్ రీబూట్ అయితే అదే ఏజెంట్‌ని సిస్టమ్‌డీ లేపుతుంది, లిమిట్ మళ్లీ 1024. ‘సోమవారం ఉదయమే ఎందుకొస్తుందో అర్థం కావట్లేదు’ అనే టికెట్ల వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

ఇక పీఆర్‌లిమిట్. పగలు పన్నెండు గంటలు, కౌంటర్ నిండా జనం, ఏజెంట్ రీస్టార్ట్ చేస్తే కాసేపు రికార్డు తెగుతుంది. అలాంటప్పుడు ఈ కమాండ్ నడుస్తున్న ప్రాసెస్‌కే లిమిట్ మార్చేస్తుంది, రీస్టార్ట్ లేకుండా. ప్రాసెస్ చస్తే ఆ మార్పూ పోతుంది కాబట్టి దీన్ని ప్రథమ చికిత్సగానే చూడాలి. కొన్ని ప్రోగ్రాములు స్టార్ట్ అయినప్పుడే లిమిట్ చూసుకుని లోపల టేబుళ్లు కట్టుకుంటాయి, వాటికి దీనివల్ల లాభం ఉండదు. ఆ బ్యాంకులో అప్పటికి పీఆర్‌లిమిట్ కొట్టించి, డ్రాప్-ఇన్ కూడా అప్పుడే రాయించి, రీస్టార్ట్ రాత్రికి పెట్టించాను. రెండూ ఒకేసారి చేయకపోతే రెండోది ఎప్పటికీ జరగదని నా అనుభవం.

అంకె ఎంత పెట్టాలి

ఎక్కువమందికి 65536 సరిపోతుంది. ఇన్ఫినిటీ అని మాత్రం రాయొద్దు. కొన్ని పాత డీమన్లు లేవగానే 3వ డిస్క్రిప్టర్ నుంచి లిమిట్ దాకా అన్నింటినీ ఒక్కొక్కటిగా మూసుకుంటూ పోతాయి. లిమిట్ 1024 అయితే కనురెప్పపాటు పని. అదే వంద కోట్లయితే సీపీయూ 100 శాతం మీద నిలబడిపోతుంది, ఏజెంట్ ఎందుకు లేవడం లేదో అర్థంకాక మీరు తల పట్టుకుంటారు.

ఇంకో చిక్కు సెలెక్ట్ అనే పాత సిస్టమ్ కాల్‌తో. లైనక్స్ సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీలో అది 1024 డిస్క్రిప్టర్లకే తయారైంది. దాని మీద రాసిన ప్రోగ్రాముకి లిమిట్ పెంచితే, 1023 దాటిన నంబరు చేతికి రాగానే మెమరీ పాడై క్రాష్ అవ్వొచ్చు. సాఫ్ట్ లిమిట్‌ని 1024 దగ్గరే ఉంచడానికి కారణం ఇదే. ఏజెంట్ బాగా పాత వెర్షన్ అయితే లిమిట్ పెంచేముందు ‘సెలెక్ట్ వాడుతున్నారా, ఈపోల్ వాడుతున్నారా’ అని వెండర్‌ని ఒక్క ముక్క అడగండి.

జావాలో రాసిన కలెక్టర్ల సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. లైనక్స్‌లో హాట్‌స్పాట్ జేవీఎం లేస్తూనే సాఫ్ట్ లిమిట్‌ని హార్డ్ లిమిట్ దాకా తనే పెంచుకుంటుంది. గో భాషలో 1.19 వెర్షన్ నుంచి ప్రోగ్రాములు కూడా ఇంతే. అంటే ఏమీ ముట్టుకోని జావా కలెక్టర్‌కి 524288 దొరుకుతూ ఉండొచ్చు. లిమిట్‌నోఫైల్‌కి ఒకే అంకె ఇస్తే సాఫ్ట్, హార్డ్ రెండూ ఆ అంకే అవుతాయి. అలాంటిచోట మీరు పెంచుతున్నాననుకుని 65536 రాస్తే నిజానికి ఎనిమిదో వంతుకి తగ్గించినట్టు. అందుకే రాసేముందు ఒకసారి, రాశాక ఒకసారి ప్రాక్‌లోని లిమిట్స్ ఫైలు చూడాలి. ఇది అర నిమిషం పని.

లెక్క ఎలా పెరుగుతోందో చూడకుండా ఏదీ తేల్చుకోవద్దు

నేను అన్నిటికన్నా ముందు అడిగేది ఇది. అయిదు నిమిషాలకోసారి ఏజెంట్ పీఐడీ కింద ఉన్న ఎఫ్‌డీ డైరెక్టరీలో ఎంట్రీలెన్నో లెక్కపెట్టి, టైముతో సహా ఒక ఫైల్లో రాసే చిన్న క్రాన్ (టైము ప్రకారం తనే నడిచే పని) పెట్టండి. లెక్కకి, తెరిచిన ఫైళ్లు చూపే ఎల్ఎస్‌ఓఎఫ్ కమాండ్ అవుట్‌పుట్ లైన్లు నమ్మొద్దు. లోడైన లైబ్రరీలు, కరెంట్ డైరెక్టరీ లాంటివి కూడా అందులో లైన్లుగా వస్తాయి, అసలు వాడకానికి కొన్ని రెట్లు ఎక్కువ కనిపిస్తుంది. ఏవి తెరిచి ఉన్నాయో తెలుసుకోవడానికి అది మంచిదే, ఎన్ని అన్నదానికి కాదు.

రెండు రోజులు పోయాక ఆ ఫైలు చూస్తే విషయం దానంతటదే బయటపడుతుంది. ఉదయం బ్యాంకు తెరిచాక ఎక్కి, సాయంత్రం మూశాక దిగితే అది నిజమైన లోడు. గుంటూరు బ్యాంకులో కనిపించింది ఇదే, అక్కడ లిమిట్ పెంచడమే సరైన వైద్యం. అర్ధరాత్రి కూడా దిగకుండా గీత గీసినట్టు పైకి పోతుంటే అది లీకు. ఉన్నట్టుండి ఒక్క ఎగురు ఎగిరితే ఆ నిమిషంలో లింకు తెగి, ఏజెంట్లన్నీ ఒక్కసారిగా మళ్లీ కనెక్టయి ఉంటాయి.

లీకు ఉన్నప్పుడు లిమిట్ పెంచితే ఏమవుతుందో లెక్కేసి చూడండి. గంటకి 200 డిస్క్రిప్టర్లు కారుతున్నాయనుకుందాం. 1024 అయితే అయిదు గంటల్లో ఎర్రర్. 65536 చేస్తే పదమూడు రోజులు దాటాక. మీకు దొరికింది గడువు మాత్రమే. గడువు కూడా విలువైనదే, కాదనను, ఆ లోపు వెండర్ నుంచి ప్యాచ్ తెప్పించుకుంటే. వారానికోసారి రాత్రిపూట రీస్టార్ట్ చేసే క్రాన్ పెట్టి ఊరుకునేవాళ్లు చాలామంది. ఒక నెలకి ఒప్పుకుంటాను. కానీ ప్రతి రీస్టార్టూ రికార్డులో ఒక చిన్న కంత. ఫలానా రోజు ఫలానా టైముకి మానిటరింగ్ ఆగుతుందని లోపలివాళ్లకి తెలిస్తే అది ఎవరికి ఉపయోగపడుతుందో వేరే చెప్పక్కర్లేదు. పెట్టక తప్పకపోతే టైము మారుస్తూ ఉండండి, మార్పుల రిజిస్టర్లో రాయండి.

లీకు ఎవరిదో కూడా చూడాలి. కనెక్షన్లు చూపే ఎస్‌ఎస్ కమాండ్‌లో క్లోజ్-వెయిట్ స్థితిలో కనెక్షన్లు గుట్టలు పడితే, అవతలివాళ్లు మూసేశారు, మన ప్రోగ్రాము మూయడం లేదు. ఇది కోడ్‌లో తప్పు. దీనికి సిస్‌కంట్రోల్‌లో మందు లేదు, వెతికి టైం పాడుచేసుకోకండి. అదే ఎస్టాబ్లిష్డ్ అని ఉండి అవతల మనిషే లేకపోతే, మధ్యలో ఫైర్‌వాల్ చడీచప్పుడు లేకుండా కనెక్షన్ తెంపి ఉంటుంది. తెనాలి, నరసరావుపేట బ్రాంచిల లింకు వానకి పడిపోయి లేచినప్పుడల్లా ఇలాంటివి మిగిలిపోతాయి. అవతలివాళ్లు ఉన్నారో లేదో చూసే లైనక్స్ కీప్‌ఎలైవ్ మామూలుగా 7200 సెకన్లు, అంటే రెండు గంటలు ఆగాకే పలకరిస్తుంది, అదీ ప్రోగ్రాము అడిగి ఉంటేనే. దీన్ని అయిదు పది నిమిషాలకి తగ్గిస్తే చచ్చిన కనెక్షన్లు త్వరగా తొలగుతాయి. లిమిట్ పెంచడం కన్నా ఇక్కడ ఇదే మేలు.

తెరిచే ఫైళ్లు తగ్గించే దారి

డిలీట్ అయినా ఏజెంట్ పట్టుకునే ఉన్న లాగ్ ఫైళ్లు ఎల్ఎస్‌ఓఎఫ్‌లో ‘డిలీటెడ్’ అని కనిపిస్తే తప్పు పాత లాగ్ పక్కనపెట్టి కొత్తది మొదలెట్టే లాగ్‌రొటేట్ సెట్టింగ్‌ది. ఫైలు మార్చాక ఏజెంట్‌కి సిగ్నల్ పంపేలా పోస్ట్‌రొటేట్ రాయండి. కాపీట్రంకేట్ (లాగ్‌ని కాపీ తీసి అసలుదాన్ని ఖాళీచేసే పద్ధతి) తేలికే గానీ, కాపీకీ ట్రంకేట్‌కీ మధ్య సందులో కొన్ని లైన్లు పోవచ్చు. మామూలు అప్లికేషన్ లాగ్‌కి ఫర్వాలేదు, ఆడిట్ లాగ్‌కి వద్దు.

ఒరాకిల్‌లో పాత పద్ధతి ఆడిటింగ్‌ని ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్లకి పెట్టినచోట ఒక్కో సర్వర్ ప్రాసెస్ ఒక్కో ఫైలు రాస్తుంది. ఆడిట్ డంప్ డైరెక్టరీలో వేలకొద్దీ చిన్న ఫైళ్లు పేరుకుంటాయి. వాటన్నిటినీ తెరిచి కూర్చునే కలెక్టర్‌కి ఎంత లిమిట్ ఇచ్చినా చాలదు. పాతవాటిని ఆర్కైవ్‌కి తరలించడమో, 12సీ నుంచి ఉన్న యూనిఫైడ్ ఆడిటింగ్‌కి మారడమో నయం. కలెక్టర్లో కదలిక లేని ఫైలుని మూసేసే సెట్టింగ్ ఉంటే అదీ వాడుకోండి.

డేటాబేస్ తనే ఈ ఎర్రర్ వేస్తుంటే అది వేరే వ్యవహారం, ఏజెంట్‌ని తిట్టకండి. మైఎస్‌క్యూఎల్‌లో ఓపెన్ ఫైల్స్ లిమిట్ అనే సెట్టింగ్ ఎంత పెట్టినా, సిస్టమ్‌డీ సర్వీసుగా నడుస్తున్నప్పుడు అక్కడి లిమిట్‌నోఫైల్ దాటి పోలేదు. రెండూ కలిపి పెంచాలి. పోస్ట్‌గ్రెస్‌లో ప్రాసెస్‌కి 1000 అని డిఫాల్ట్, నిండే ముందు వాడనివి మూసి సర్దుకుంటుంది కాబట్టి అక్కడ గొడవ తక్కువ. మాంగోడీబీ వాళ్లు 64000 సిఫారసు చేస్తారు.

పద్ధతే మార్చాలా?

ఈ ఒక్క ఎర్రర్ కోసం ఏజెంట్ తీసేసి, నెట్‌వర్క్ ట్రాఫిక్‌కి నకలు ఇచ్చే స్విచ్ మిర్రర్ పోర్టుకి మారదామనే సలహా వస్తుంటుంది. నేను వద్దంటాను. మిర్రర్ పోర్టు డేటాబేస్ సర్వర్ మీద ఏ భారమూ వేయదు, నిజమే. కానీ ట్రాఫిక్ టీఎల్‌ఎస్ ఎన్‌క్రిప్షన్‌లో ఉంటే దానికి లోపలేముందో కనిపించదు. సర్వర్ మీదే లాగిన్ అయి క్వెరీ వేసిన అడ్మిన్ అసలే కనిపించడు, ఆడిటర్‌కి ముఖ్యంగా కావలసింది ఆయనే. డేటాబేస్ సొంత ఆడిట్‌కి మారితే, పోస్ట్‌గ్రెస్‌కి ఉన్న పీజీఆడిట్ లాంటివి చవకే, కొన్నిచోట్ల చాలు కూడా. డీబీఏ తనే దాన్ని ఆపగలడు, ఆ ఒక్క లోపం బ్యాంకుకి పెద్దదే, కాలేజీకి కాకపోవచ్చు. ఒకే కలెక్టర్ మీద ఏజెంట్లు ఎక్కువై సాయంత్రానికి కూడా లెక్క దిగడం లేదంటే రెండో కలెక్టర్ పెట్టి ఏజెంట్లని పంచండి.

వెండర్‌కి టికెట్ పెట్టబోతుంటే, రీస్టార్ట్ చేయకముందే ప్రాక్‌లోని లిమిట్స్ ఫైలు, ఎఫ్‌డీ డైరెక్టరీ లిస్టింగ్, ఎల్ఎస్‌ఓఎఫ్, ఎస్‌ఎస్ అవుట్‌పుట్లు, అయిదు నిమిషాల లెక్కల ఫైలు కాపీ చేసి పెట్టుకోండి. రీస్టార్ట్ అయితే సాక్ష్యం మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, ‘మళ్లీ వచ్చినప్పుడు చెప్పండి’ అని టికెట్ మూసేస్తారు.

లెక్క లిమిట్‌లో 70 శాతం దాటితే మెసేజ్ వచ్చేలా అదే క్రాన్‌లో ఒక లైన్ కలపండి. కన్సోల్లో ఏజెంట్ పచ్చగా కనిపిస్తోందని మాత్రం నిశ్చింతగా ఉండొద్దు. పాత కనెక్షన్ బతికే ఉంటే పచ్చగానే ఉంటుంది, కొత్త సెషన్లు మాత్రం రికార్డు కాకుండా జారిపోతుంటాయి. దీనికి ఒక ప్రత్యేక యూజర్‌తో గంటకోసారి కొత్త కనెక్షన్ తెరిచి, ఏ హానీ లేని సెలెక్ట్ క్వెరీ ఒకటి వేయించి, అది మానిటరింగ్ రిపోర్టులో పడిందో లేదో స్క్రిప్టుతో చూపించుకోండి. పడని గంట ఏదో ఆడిటర్ కన్నా ముందు మీకే తెలుస్తుంది.